తొమ్మిది వోల్టులు

పగలు నా చేతికింద ఇరవై ఐదు వేల వోల్టులు.
టవర్ వ్యాగన్ ఎక్కి
కాంటాక్టు వైరు ఎంత అరిగిందో కొలుస్తా.
గుంతకల్లు నుంచి గుత్తి దాకా
ఏ స్తంభం మీద ఏ కాకి గూడు కట్టిందో
కండ్లు మూసుకుని చెప్పగలను.

రాత్రి, క్వార్టర్స్ వసారాలో
తొమ్మిది వోల్టుల ముందు మోకాళ్ల మీద కూచుంటా.

పలక, స్టోర్సు వెనక పారేసిన పాత బెర్తు చెక్క.
ఒక మూలన నీలం రెగ్జిను ఇంకా ఊడి రాలేదు.
ఎంతమంది నిద్ర మోసిందో,
ఇప్పుడు నా మోత మోస్తాది.

వెల్క్రో కుట్టమంటే బ్యాగుల మస్తానమ్మ నవ్వింది.
"చెక్కకు బట్ట కుట్టేదెట్ల నాయనా?"
చెప్పుల జిగురు డబ్బా ఇచ్చి పంపింది.
రెండు దినాలు ఇల్లంతా అదే వాసన.
చారులో కూడా వస్తోందని ఎస్తేరు గిన్నె పక్కకు నెట్టింది.

ఆరు పెట్టెలు.
ట్యూనరు.
తొక్కితే ముక్కుతో ఏడ్చే వా.
పచ్చ ఓవర్‌డ్రైవ్.
ఆదోని ఆర్కెస్ట్రా మూతబడినప్పుడు
సగం ధరకు తెచ్చిన డిస్టార్షన్,
దాని నాబ్ పోతే దగ్గు మందు సీసా మూత బిగించినా.
నీలం కోరస్.
చివరిది డిలే.

చివరిదని ఇప్పుడు అంటున్నా గానీ
మొదటి రాత్రి దాన్నే అన్నిటికంటే ముందు పెట్టినా.
ఒక్క తీగ మీటితే
ప్లాట్‌ఫారం మీద నాలుగు భాషల అనౌన్స్‌మెంట్లు
ఒకేసారి నోరు తెరిచినట్టయింది.

గోడ అవతల మంచం కిర్రుమంది.
హుసేనప్ప మామ, రిటైరైన షంటింగ్ మాస్టరు.
"ఏందప్పా, బ్రేక్ వ్యాన్‌ను ఇంజను నెత్తిన తగిలిచ్చినావా?"

ఆయనకు సరిగమలు తెలీవు.
ముప్పై ఒక్క ఏండ్లు
ఏ పెట్టె ముందు, ఏ పెట్టె వెనక, అదే బతుకు.
గోడ దాటొచ్చి, చుట్ట ఆర్పి,
ఒక్కొక్క డబ్బా పనేందో అడిగి
బొటనవేలితో జరిపినాడు.
"లాగేది ముందుండల్ల. అరిచేది దాని వెనక.
పోయిన దారి చూసుకుంటా కూచునేది,
ఆ గార్డు, ఆఖర్న."

మీటినా.
ఈసారి గొంతు గొంతుగా వచ్చింది,
దాని వెనకే దాని జ్ఞాపకం.

దాంతోపాటు ఒక గొణుగుడు.
మీటకపోయినా ఆగని గొణుగుడు.

ఐదు కేబుళ్లూ విప్పి మళ్లీ సోల్డర్ పెట్టినా.
ఫ్రిజ్ ఆపినా. ట్యూబులైటు ఆపినా.
మే నెల, ఫ్యాను ఆపినా.
చీకట్లోంచి ఎస్తేరు,
"ఊపిరి కూడా ఆపమంటావా?"
ఇరవై ఐదు వేలు చెప్పిన మాట వింటాయి,
ఈ తొమ్మిది వినవు.

రెండు గంటలప్పుడు తట్టింది.
ఆంప్లిఫయరు ప్లగ్గు హాల్లో, రైల్వే వాళ్ల ఎర్తు మీద.
పెడళ్ల ప్లగ్గు వసారాలో,
నేనే గుంత తవ్వి ఉప్పూ బొగ్గూ పోసిన ఎర్తు మీద.
భూమిలోకి రెండు దార్లు చూపిస్తే
కరెంటు ఆ రెంటి నడుమ తిరుగుతా గొణుగుతాది.
ఈ పాఠం అప్రెంటిస్ పిల్లకాయలకు
సుద్దముక్కతో బొమ్మ గీసి నేనే చెప్పినా.

రెండు ప్లగ్గులూ ఒక్క బోర్డులో పెట్టినా.

నిశ్శబ్దం.
గిటారు ఒళ్లోనే ఉంది, వాయించబుద్ధి కాలేదు.
యార్డులో పెట్టెకు పెట్టె తగులుకుంటోంది.
గోడ అవతల మామ నిద్రలోనే
లెక్క పెడుతున్నాడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది...

ఆదివారం చర్చికి
బెర్తు చెక్క భుజాన మోసుకుపోయినా.
పాస్టరయ్య దాన్ని చూసి, నన్ను చూసి,
"మామూలుగా వాయించు జకరయ్యా" అన్నాడు.
పాటలన్నీ అయిపోయేదాకా
వెలిగిన లైటు ట్యూనరుది ఒక్కటే.

ఆ రాత్రి కోరస్‌ను ఓవర్‌డ్రైవ్ ముందుకు తెద్దామని
వెల్క్రో చర్రుమని పీకినా.
గోడ అవతల మంచం కిర్రుమంది.
"ఏ లైనుకప్పా?"